దించకుండా మోసిన బోనం

ఈరోజు పొద్దున నేను నా భార్యను పదిమందిలో తలదించుకునేలా చేశాను. కావాలని చేయలేదని రాసుకుంటే మనసుకు హాయిగానే ఉంటుంది. కానీ నోరు తెరిచే ముందే నేనేం అనబోతున్నానో నాకు తెలుసు.

ఆషాఢ మాసపు ఆదివారం. మా కొత్తపేట గల్లీలో పొద్దు పొడవగానే డప్పులు మొదలయ్యాయి. నా భార్య తలస్నానం చేసి, పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుని, కొత్త కుండకు పసుపు రాసి బొట్లు పెట్టింది. లోపల బెల్లం అన్నం నింపి, చుట్టూ వేపమండలు కట్టి, బోనాన్ని పీట మీద సిద్ధంగా ఉంచింది. బడంగ్‌పేట్ నుంచి మా చెల్లె అప్పుడే వచ్చింది. మా కోడలు కుండ మీద పెట్టే ప్రమిదలో వత్తి వేస్తోంది. వాకిట్లో పక్కిళ్ల ఆడవాళ్లు తమ బోనాలతో మా వాళ్ల కోసం నిలబడి ఉన్నారు.

"ఈ యేడు గూడ ముంగట నువ్వే నడవాలె వదినె. నీ ఎనకనే మేము," అంది మా చెల్లె.

నా భార్య నవ్వుతూ, కుండ కింద పెట్టుకునే చుట్టబట్టను గుండ్రంగా చుడుతోంది. అప్పుడన్నాను నేను.

"ఈసారి కోడలెత్తుతది. ఆమెకొద్దు. నడిమిట్ల తడిస్తే బోనం మైలపడతది."

అంత డప్పు మోతలోనూ ఆ మాట వాకిట్లోకి వినిపించింది. అక్కడి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా చెల్లె ముందు నన్ను చూసింది, తర్వాత తన వదినెను చూసింది.

"తడుసుడేంది అన్నా?"

నా భార్య చుట్టబట్టను పీట మీద పెట్టింది. చేతులకంటిన పసుపును పట్టుచీర కొంగుకే తుడుచుకుంది. ఏ చీరనూ అంత నిర్లక్ష్యంగా చూసే మనిషి కాదామె. లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

బోనం ఒకసారి నెత్తికెత్తుకుంటే మళ్లీ అమ్మవారి గడప దగ్గరే దించాలి. దారిలో కింద పెట్టకూడదు. చెయ్యి నొచ్చినా, వాన వచ్చినా, వరస ఆగిపోయినా మోస్తూనే ఉండాలి. నల్లగొండ జిల్లాలోని మా పల్లెలో మా అమ్మ అలాగే మోసింది. పెళ్లయి పట్నం వచ్చాక నా భార్య కూడా అలాగే మోసింది. ఆ బోనం మా ఇంట్లో ఆమెకున్న ఒక హోదా. మిగతా రోజుల్లో నేను చెప్పినట్టు ఇల్లు నడిచేది. ఆ ఒక్కరోజు మాత్రం ఆమె ముందు, మేమంతా వెనక.

అరవైకి దగ్గర పడుతుండగా ఆమెకు ఈ ఇబ్బంది మొదలైంది. ఒంటికి రావడమే తడవు, లేచి నిలబడేదాకా కూడా ఆగేది కాదు. బయటి నుంచి వచ్చి తాళం తీస్తుంటే గుమ్మంలోనే అయిపోయేది. కుళాయి చప్పుడు వింటే చాలు, వంటింట్లో చేతిలో పని వదిలి పరుగెత్తేది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డుకు అటూ ఇటూ ఎక్కడ బాత్రూము ఉందో ఆమెకు కంఠతా వచ్చు. చాలావరకు అవి చీరల దుకాణాల్లో, పై అంతస్తుల్లో ఉండేవి. ఊరికే వెళ్లి అడగడానికి సిగ్గు. అందుకని ముందు ఒక జాకెట్టు గుడ్డ కొనేది, ఆ సంచి చేతిలో పట్టుకుని అప్పుడు అడిగేది. మా బీరువాలో ఒక అర నిండా కుట్టించని జాకెట్టు గుడ్డలు పేరుకుపోయాయి. అవి చూసి దుబారా మనిషివని తిట్టాను. ఎందుకు కొంటున్నావని మాత్రం అడగలేదు.

ఎండాకాలంలో కూడా గొంతు తడుపుకునేంత తప్ప నీళ్లు తాగేది కాదు. ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్తే చివరి వరసలో, తలుపు పక్కన కూర్చునేది. లేత రంగు చీరలన్నీ బీరువా అడుక్కి వెళ్లిపోయాయి.

ఆ రోజుల్లోనే ఒక ఆషాఢంలో గుడి ముందు వరస ఆగిపోయింది. ఎవరో పెద్దమనిషి దర్శనానికి వస్తున్నాడని తాడు అడ్డం కట్టారు. ఆమె నెత్తి మీద బోనం ఉంది. పక్కకు తప్పుకోవడానికి లేదు, దించడానికి లేదు. తాడు తీసేసరికి చీర లోపల తడిసిపోయింది. ముదురు రంగు చీర కావడంతో ఎవరూ గమనించలేదు. ఆమె గడప దాకా నడిచి, బోనం దించి, మొక్కి, ఇంటికి వచ్చింది. వచ్చాక ఆ సంగతి నాకొక్కడికే చెప్పింది.

"అట్లుంటే ఎందుకెత్తినవ్? అమ్మోరి బోనాన్ని మైల జేసినవ్ గద," అన్నాను.

ఆ తర్వాతి యేడు ఆమె బోనం ఎత్తలేదు. భుజం నొప్పని చెప్పి మా చెల్లె చేత ఎత్తించింది. నేను కూడా ఆ అబద్ధానికి వంత పాడాను.

అప్పట్లో నేను కొత్తపేట పండ్ల మార్కెట్‌లో బత్తాయిల కమీషన్ దుకాణంలో గుమాస్తాను. మార్కెట్ ఇంకా ఊరవతలికి వెళ్లలేదు. లారీ నుంచి కాయ దిగగానే కుప్పలో మచ్చ ఉన్నవి ఏరి పక్కకు వేయించడం నా పని. లోపల కాయ బాగుందా అని కోసి చూసే తీరిక మాలో ఎవరికీ ఉండేది కాదు. కన్ను మచ్చ మీద పడుతుంది, చెయ్యి దానంతటదే కదులుతుంది. బత్తాయి కాయకు ఆ పద్ధతి సరిపోతుందేమో. నేను ఇంటికొచ్చి మనిషికి కూడా అదే చేశాను.

దవాఖానకు తీసుకువెళ్లింది నేను కాదు, మా కోడలు. తెనాలి వైపు పిల్ల. అప్పటికి కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. డాబా మీద చీరల చాటున ఆరేసిన పాత గుడ్డముక్కలు చూసి సంగతి గ్రహించింది.

"అత్తయ్యా, మా అమ్మమ్మ కూడా ఇలాగే దాచిందండీ. చివరికి గది దాటి బయటికే రాలేదు. మీరు అలా కావడానికి వీల్లేదు. రేపు వెళ్తున్నాం," అందట.

మొదట వ్యాయామాలు చేయించారు. కొంత నయం కనిపించింది. మందులు ఇచ్చారు. వాటితో నోరు ఎండిపోయి, మాట్లాడటానికే ఇబ్బంది పడేది. చివరికి ఎల్బీనగర్ వెళ్లే దారిలోని ఒక ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. మూత్రసంచికి, మెదడుకు మధ్య కబుర్లు మోసే నరాలు దారి తప్పాయట. వెన్ను చివర ఉండే ఒక నరం పక్కన సన్నని తీగ పెట్టి, దానికి ఎడతెగకుండా చాలా కొద్దిపాటి కరెంటు అందిస్తే ఆ కబుర్లు సర్దుకునే అవకాశం ఉందట. కరెంటు ఇచ్చే చిన్న పరికరాన్ని నడుము కింద, పిరుదు పైభాగంలో చర్మం లోపల అమరుస్తారు. అయితే ముందుగా తీగ మాత్రమే పెట్టి, పెట్టెను బయట నడుముకు కట్టి కొన్ని రోజులు చూస్తారు. ఇబ్బంది బాగా తగ్గితేనే పరికరం లోపల పెడతారు.

"అందరికీ పనిచేస్తుందా?" అని మా కోడలు అడిగింది.

"చేయదు. ఎవరికి చేస్తుందో ముందు చూడటానికే ఈ పరీక్ష," అంది డాక్టరమ్మ.

ఆమె దాచకుండా చెప్పడం మంచిదైంది. మాతోపాటే పరీక్షకు వచ్చిన సైదాబాద్ ఆవిడకు ఏ మార్పూ రాలేదు. తీగ తీసేసి ఇంటికి పంపారు. వెళ్తూ నా భార్య చెయ్యి పట్టుకుని, "నీకైనా నయం కావాలె అక్కా," అంది. ఈ పరికరం గురించి మాట్లాడినప్పుడల్లా నా భార్య ఆమెను తలుచుకుంటుంది.

నేను మాత్రం ముందు నుంచీ వద్దన్నవాణ్నే.

"గీ వయసుల ఒంట్లె మెషిన్ ఎందుకు? అది ఎన్ని రోజులు పనిజేస్తదో ఏమో."

"ఎన్ని రోజులు జేస్తే అన్ని రోజులు నాయే," అంది నా భార్య.

పెట్టె బయట కట్టుకున్న ఆ రోజుల్లో ఒక సాయంత్రం, కోడలిని వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర బయలుదేరి, మెట్రో పట్టాల కింద ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచింది. దారిలో ఆగి పెద్ద గ్లాసు నిండా చెరుకు రసం తాగింది. నేను గుమ్మంలో ఎదురుచూస్తున్నాను. ఆటో దిగి చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"ఒక్క చీరల దుకాణం ఎక్కలే. వాళ్లే పిలుస్తున్నరు, రా అమ్మా రా అమ్మా అని. రానుపో అన్న!"

ఆ గొంతు నేను చాలా ఏళ్ల తర్వాత విన్నాను.

పరికరం లోపల పెట్టి ఇప్పటికి ఏడెనిమిదేళ్లు. పెట్టిన కొత్తలో బాగుందని చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఏళ్లు గడిచాక ఎలా ఉందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకని దగ్గరుండి చూసినవాడిగా రాస్తున్నాను. ఇబ్బంది పూర్తిగా పోలేదు. గట్టిగా తుమ్మితే ఒక్కోసారి రెండు చుక్కలు పడతాయి. గట్టి బల్ల మీద ఎక్కువసేపు కూర్చుంటే పరికరం ఉన్న చోట నొప్పి చేస్తుంది. మధ్యలో ఒకసారి కరెంటు కాలి బొటనవేలి దాకా పాకి గుంజడం మొదలైంది. ఆస్పత్రికి వెళ్తే మళ్లీ కోత లేకుండానే, బయటి నుంచే దాని అమరిక మార్చి పంపారు. మెట్రో స్టేషన్‌లో తనిఖీ ద్వారం దగ్గర కార్డు చూపించి పక్క నుంచి వెళ్తుంది. ఒకసారి అక్కడి సెక్యూరిటీ అమ్మాయి, "గుండెల పెట్టిన్రా అమ్మా?" అని అడిగితే, "గుండెకన్నా జర కిందికి బిడ్డా," అని నవ్వుతూ వెళ్లిపోయింది.

వీటన్నిటికీ అవతల ఏముందంటే, ఆమె నీళ్లు తాగుతుంది. నల్లగొండ బస్సెక్కి కిటికీ పక్కన నిద్రపోతుంది. పెళ్లిలో ముందు వరసలో కూర్చుని, భోజనాల దగ్గర కూరకు ఉప్పు తక్కువైందని వంటవాళ్లను పిలిపిస్తుంది. భుజం నొప్పి తగ్గిందని మా చెల్లెకు చెప్పి, బోనం మళ్లీ తన నెత్తికెత్తుకుంది.

ఈ వేసవిలో బ్యాటరీ అయిపోయింది. ఎప్పుడో ఒకనాడు అయిపోతుందని డాక్టరమ్మ మొదటే చెప్పింది. అయినా పాత ఇబ్బంది ఒక్కసారిగా తిరిగొచ్చేసరికి నేను బెంబేలెత్తిపోయాను. ఒకరోజు ఆమె పాత నూలు చీర చింపి మడతలు పెడుతుంటే చూసి, "అయిపోయింది. మళ్ల మొదటికొచ్చినం," అన్నాను.

"బ్యాటరీ అయిపోయింది గంతే. నేను గాదు," అంది తల ఎత్తకుండా.

కొత్త పరికరం పెట్టారు. పాత తీగ బాగానే ఉండటంతో దాన్ని కదిలించలేదు. కుట్లు మానాక చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఇబ్బంది మళ్లీ అదుపులోకి వచ్చిందని ఆమె చెప్పింది. కుర్చీ చివర కూర్చుని అడిగింది.

"అమ్మా, ఆషాఢంల బోనమెత్తొచ్చునా? నెత్తి మీద బరువుంటది. చానసేపు నిలబడాలె."

డాక్టరమ్మ కుట్టు చోటు మళ్లీ ఒకసారి చూసి, "ఎత్తండి. నా తరఫున కూడా ఓ దండం పెట్టండి," అంది.

ఈ మాట నా చెవులతో నేను విన్నాను. విన్నాక కూడా ఈరోజు పొద్దున ఆ మాటన్నాను. ఆ రోజు గుడి ముందు కట్టిన తాడు నా కళ్లలోంచి పోలేదు. మళ్లీ అలా జరిగితే తట్టుకోలేనిది ఆమె కాదు, నేను. నా భయానికి అమ్మవారిని అడ్డం పెట్టుకున్నాను.

ఆమె గడియ పెట్టుకున్నాక నేను కోడలి వైపు తిరిగి బోనం ఎత్తమన్నాను. ఆ పిల్ల నాకెప్పుడూ ఎదురు చెప్పలేదు.

"నేనెత్తను మావయ్యగారూ," అంది. "ఈరోజు నేనెత్తితే అత్తయ్య ఇంకెప్పటికీ ఎత్తరు. అది నా వల్ల కాదండీ."

బయట డప్పులు మా గల్లీ మొదటికి వచ్చాయి. అవి మా వాకిలి దాటి వెళ్లేలోపు బోనం లేవాలి. నేను వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

"నాది తప్పే," అన్నాను.

"ఏది తప్పు?" అంది లోపలి నుంచి.

"అందరి ముంగట చెప్పుడు."

"గంతేనా?"

ఆమే అంది.

"తెలిస్తే తెలిసింది. రోగమొచ్చింది, మందు జేయించుకున్న. దాంట్ల సిగ్గేముంది? నువ్వు మైల అన్నవ్. అప్పుడు గదే అన్నవ్, ఇప్పుడు గదే అన్నవ్. ఒంట్లె మెషిన్ గూడ మార్చుకొచ్చిన గని, నీ నోట్లె మాట మాత్రం మారలే."

"ఏం జెయ్యమంటవ్?"

"ఎవరి ముంగట అన్నవో వాళ్లకే చెప్పు. నేను ఈడికెల్లి ఇంటా."

వాకిట్లోకి వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. మా చెల్లె, పక్కిళ్ల వాళ్లు నా చుట్టూ నిలబడ్డారు. మొదటి నుంచీ చెప్పాను. జబ్బు సంగతి, జాకెట్టు గుడ్డల సంగతి, గుడి ముందు వరస ఆగిన సంగతి, ఆ రోజు ఇంట్లో నేనన్న మాట. భుజం నొప్పి వట్టిదని చెప్పాను. ఆమె ఒంట్లో చిన్న రిమోటుతో నడిచే మెషిన్ ఉందని, అది పెట్టించుకుంటానంటే వద్దన్నానని కూడా చెప్పాను.

"మైల ఆమెది గాదు. నా నోటిది," అన్నాను చివరికి.

మా చెల్లె మూసిన తలుపు వైపు తిరిగి గట్టిగా అంది.

"భుజం నొప్పి వట్టిదేనా వదినె? బడంగ్‌పేట్ కెల్లి నువ్వుల నూనె కాచి తెచ్చి, కూసోబెట్టి గంటలు గంటలు రుద్దితిని గదనే! మంచిగున్న భుజానికా?"

తలుపు వెనక నుంచి నవ్వు వినిపించింది. ఆపుకుందామని చూసి ఆపుకోలేక బయటపడిన నవ్వు.

"మంచిగనే రుద్దితివి," అంది నా భార్య లోపలి నుంచే. "అందుకే ఇంకో రెండేండ్లు నొప్పున్నట్టే చెప్పిన."

వాకిట్లో అందరూ నవ్వారు. గడియ తీసిన చప్పుడైంది. ఆమె గుమ్మంలోకి రాగానే మా చెల్లె వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది.

"నాకు చెప్పకపోయినవ్ గదా! నేను పరాయిదాన్ననుకున్నవా?"

"నీకు చెప్తే మీ అన్నకు చెప్పినట్టే అనుకున్న."

"ఏదీ, ఆ మెషిన్ నడిపిచ్చేది చూపియ్యి."

నా భార్య చేతిసంచిలోంచి చిన్న రిమోటు తీసి చూపించింది. మా చెల్లె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు తిరిగింది.

"పెట్టిచ్చినప్పుడే మా అన్న నోటికి గూడ ఇసొంటిదొకటి పెట్టియ్యకపోయినవా వదినె? బటన్ ఒత్తితే బందయ్యేటిది."

ఈసారి మా కోడలు అందరికన్నా గట్టిగా నవ్వి, వెంటనే నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు కోపం రాలేదు. అలాంటిది నిజంగా ఉంటే బాగుండేదని అనిపించింది.

డప్పులు మా వాకిట్లోకి వచ్చేశాయి. నా భార్య చుట్టబట్ట తీసుకుని నెత్తి మీద పెట్టుకుంది. మా చెల్లె, కోడలు చెరోవైపు పట్టి కుండను లేపి దాని మీద పెట్టారు. దీపం వెలిగించారు. ఆమె ఒకసారి మెడ సర్దుకుని, చేతులెత్తి కుండను పట్టుకుని, గడప దాటింది. నూనె సీసా పట్టుకుని నేను వెనక నడిచాను.

గుడికి రెండు గల్లీల దూరంలో వరస ఆగిపోయింది. ఈసారి పెద్దమనిషి ఎవరూ రాలేదు. పక్క బస్తీ వాళ్ల పోతరాజు, కొరడా తిప్పుతూ ఆడేవాడు, నాలుగు దారుల కూడలిలో ఆట మొదలుపెట్టాడు. జనం చుట్టూ మూగారు, దారి మూసుకుపోయింది. ఎండ నడినెత్తికి వస్తోంది. ముందు కదలిక లేదు, వెనక తోపులాట. నా చూపు ఆమె ముఖం మీదే ఉంది. కనుబొమ్మ ముడిపడుతుందా, కాలు మార్చి కాలు వేస్తుందా, పెదవి కొరుక్కుంటుందా అని చూస్తున్నాను. ఆ గుర్తులన్నీ నాకు బాగా తెలుసు. ఒక్కటీ కనిపించలేదు. ఆమె కళ్లు పక్కకు తిప్పి నన్ను చూసింది.

"నా మొకం జూసుడు బంద్ జెయ్. దీపం జూడు. నూనె అయితుంది."

నేను మునివేళ్ల మీద లేచి ప్రమిదలో నూనె పోశాను. చెయ్యి వణికి కొంచెం వేపాకుల మీద ఒలికింది.

"నా చెయ్యి కాదు వణికేది. చూస్కో," అంది.

ఎంతసేపు నిలబడ్డామో నేను లెక్కపెట్టలేదు. ముందున్న ఒక పెద్దావిడ చేతులు నొచ్చి, కూతురి సాయంతో బోనం సర్దుకుంది. నా భార్య మాత్రం వెనక నిలబడ్డ మా చెల్లెతో కబుర్లు చెబుతోంది. ఎవరింటి బోనం కుండ బాగుందో, ఎవరు చీర ఎక్కువ ఎత్తి కట్టారో అన్నీ చెబుతోంది. మధ్యలో దాహమని అడిగింది. కోడలు సీసా మూత తీసి పట్టుకుంటే, నెత్తి కదపకుండా గుటగుటా తాగింది. నాకు తెలియకుండానే వద్దనబోయాను. ఈసారి ఆ మాట గొంతు దాటనివ్వలేదు.

జనం విడిపోయి దారి దొరికింది. కూడలి దాటుతుంటే డప్పు వాళ్లు ఆమె ముందుకు వచ్చి దరువు మార్చారు. మా చెల్లె వెనక నుంచి, "ఎయ్యి వదినె, ఎయ్యి!" అని అరిచింది. నా భార్య ఒక చేత్తో బోనం పట్టుకుని, రెండో చెయ్యి నడుము మీద పెట్టి, దరువుకు తగినట్టు అడుగులు వేసింది. నెత్తి మీద కుండ కదల్లేదు, దీపం మాత్రం ఊగింది. అరవై దాటిన మనిషి. ఆమె చెయ్యి పెట్టిన చోటికి కాస్త కిందే, పట్టుచీర లోపల, కొత్త కోత గుర్తు ఉంది. ఆ సంగతి మా ఇంటి వాళ్లకూ, ఈరోజు నా వల్ల ఆ నలుగురికీ తెలుసు. ఆ నలుగురూ ఇప్పుడు ఆమె వెనకే అడుగులు వేస్తున్నారు. ఒకావిడ ఊపిరాడక ఆగిపోయి, "ఈ అక్కతోటి ఆడుడు మనతోని కాదు," అంది.

గుడి మెట్ల పక్కన కుళాయి కింద నిండు బిందెలు పెట్టి ఉన్నాయి. బోనం మోసుకొచ్చిన ఆడవాళ్ల ఒంటి మీద అమ్మవారు ఉంటుందని, ఆమె చల్లబడాలని కాళ్ల మీద నీళ్లు పోస్తారు. మా బస్తీలో ఆ పని పిల్లలో, ఇంటి ఆడవాళ్లో చేస్తారు. మొగుడు వంగి పెళ్లాం కాళ్లు కడగడం నేను చూడలేదు. చేయాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. నూనె సీసా కోడలి చేతికిచ్చి బిందె ఎత్తుకున్నాను. మోకాళ్లు పట్టేస్తే మెట్టు మీద చెయ్యి ఆనించి వంగాను.

"ఏంది పెద్దాయనా, అమ్మోరికన్నా ముందు ఇంటమ్మకేనా?" అని వరసలోంచి ఎవరో అన్నారు. నవ్వులు వినిపించాయి.

"అవునమ్మా," అన్నాను.

నీళ్లు పోశాను. పాదాల మీది పసుపు కరిగి మెట్టు మీదికి పారింది. చీర అంచు తడిసి చీలమండకు అంటుకుంది. ఆమె కదలకుండా నిలబడింది. ఆ నీళ్లతో తడిసిన నా చేతిని కళ్లకు అద్దుకున్నాను. తల ఎత్తేసరికి ఆమె మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయింది. గడప దగ్గర బోనం దించి మొక్కుతుండటం జనం సందుల్లోంచి కనిపించింది.

నా పని అయిపోయింది. పక్కకు తప్పుకోవచ్చు. కానీ వరసలో మా వాళ్ల వెనక ఇంకా చాలామంది ఆడవాళ్లు బోనాలతో నిలబడి ఉన్నారు. పొద్దున మా వాకిట్లో నా మాట విన్నవాళ్లు ఉన్నారు, నేనెన్నడూ చూడని ముఖాలు ఉన్నాయి. వాళ్లలో ఎవరు ముదురు రంగు చీర ఎందుకు కట్టుకున్నారో, ఎవరు పొద్దున్నుంచి గొంతు ఎందుకు తడుపుకోలేదో నాకు తెలియదు. అడిగే హక్కూ లేదు. ఖాళీ బిందెను కుళాయి కింద పెట్టి నింపాను. మా చెల్లె పాదాల మీద పోశాను. తర్వాత ఆమె వెనకావిడకు, ఆమె వెనకావిడకు. వరస అయిపోయేదాకా అక్కడే ఉండి, బిందె ఖాళీ అయినప్పుడల్లా నింపుకుంటూ ఒక్కొక్కరి కాళ్ల మీద నీళ్లు పోశాను.